తుప్పు ప్లేటు మీద లేజర్‌తో అల్ట్రాసౌండ్ వినొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

దామరచర్ల_గేజ్ | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మిర్యాలగూడ అవతల ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ప్లేట్ల మందం కొలుస్తుంటాను. కాగితం మీద ఎన్‌డీటీ టెక్నీషియన్‌ని, అంటే వస్తువు పాడవకుండా పరీక్షించేవాణ్ణి. పని చూస్తే ఒక చేతిలో గ్రైండర్, ఇంకో చేతిలో జెల్ డబ్బా. తుప్పు గీకాలి, జెల్ పూయాలి, అల్ట్రాసౌండ్ (చెవికి వినపడని శబ్దం) పంపి ప్రతిధ్వనితో మందం చెప్పే ప్రోబ్ ఆనించాలి, స్క్రీన్ మీద నంబర్ నిలిచేదాకా ఊపిరి బిగబట్టాలి. ప్లేటు చల్లగా, నున్నగా ఉంటే పది సెకన్ల పని. మా దగ్గర ఆ రెండూ ఉండవు. వేడి డక్టు మీద జెల్ పెట్టగానే పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్‌మంటుంది. గుంతలు పడ్డ చోట ప్రోబ్ కింద గాలి నిలుస్తుంది. గాలి ఉందంటే శబ్దం ప్లేటులోకే పోదు.

పోయిన నెల ఒక చోట 3.4 ఎంఎం చూపించింది. అదే రాసిచ్చాను. షట్‌డౌన్‌లో ఆ ముక్క కోసి వెర్నియర్ పెడితే 1.7 ఉంది. తిట్లన్నీ నాకే.

మొన్న ఒక సేల్స్ ఆయన వచ్చి, జెల్ అక్కర్లేదు, ముట్టుకునే పనే లేదు, దూరం నుంచి లేజర్ వేస్తే లైటే అల్ట్రాసౌండ్‌ని పట్టేస్తుంది అన్నాడు. "తుప్పు ప్లేటు మీద కూడానా సార్?" అంటే బ్రోచర్ చేతిలో పెట్టి, టీ తాగి వెళ్లిపోయాడు. బ్రోచర్‌లో ఉన్నదేమో అద్దంలా మెరిసే ప్లేటు.

శబ్దాన్ని లైటు వినడం ఏంటి? గరుకు మీద అది పని చేస్తుందా? మామూలు మాటల్లో ఎవరైనా చెప్పగలరా?

అనుమానాల_అంజన్న | ఆదివారం రాత్రి 9:31

లైటుతో వినడమా? రేపు చెవితో చూడమంటారు. అమ్మనీకి వచ్చినోడు ఏమైనా చెప్తాడు తమ్మీ. టీ ఖర్చు పోయిందనుకో, వదిలెయ్.

పానగల్_మాస్టారు | ఆదివారం రాత్రి 10:05

అంజన్నా, ఇందులో మోసం ఏమీ లేదు. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, కొంచెం ఓపిక పట్టు.

ప్లేటు అడుగు నుంచి ప్రతిధ్వని తిరిగొచ్చి పై ముఖానికి తగిలినప్పుడు ఆ ముఖం పైకీ కిందికీ కదులుతుంది. ప్రోబ్‌లో ఉండే పిజో బిళ్ల ఆ కదలికకే కరెంటు పుట్టిస్తుంది. కదిలేది ఒక నానోమీటరు అనుకోండి, చాలాసార్లు అంత కూడా ఉండదు. మిల్లీమీటరులో పది లక్షో వంతు అన్నమాట.

దాన్ని కాంతితో కొలిచే పద్ధతి పాతదే. మైకెల్సన్ 1881లో వాడిన అమరిక ఇప్పటికీ డిగ్రీ ల్యాబుల్లో ఉంటుంది. ఒక కిరణాన్ని సగం వెండి పూసిన గాజుతో రెండుగా చీలుస్తాం. ఒకటి కదలని అద్దం దగ్గరికి పోతుంది, రెండోది ప్లేటు దగ్గరికి. తిరిగొచ్చాక రెంటినీ కలుపుతాం. అల మీద అల పడితే వెలుగు, ఒకదాని ఎత్తు మీద ఇంకోదాని పల్లం పడితే చీకటి. ఎర్ర హీలియం నియాన్ లేజర్ తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు. కాంతి పోయి రావాలి కాబట్టి ప్లేటు అందులో నాలుగో వంతు, 158 నానోమీటర్లు జరిగితే వెలుగు కాస్తా చీకటి అయిపోతుంది. అదే ఒక్క నానోమీటరే జరిగితే? వెలుగుకీ చీకటికీ సరిగ్గా నడుమ నిలబెట్టి చూస్తే కాంతి రమారమి 2 శాతం మారుతుంది. వెలుగుని కరెంటుగా మార్చే ఫోటోడయోడ్‌కి 2 శాతం అంటే దండోరా వేసినట్టే.

ఇదంతా అద్దం లాంటి ముఖానికి. గరుకు సంగతి రేపు రాస్తాను, కళ్లు లాగుతున్నాయి. ఈలోపు ఎవరి దగ్గరైనా లేజర్ పాయింటర్ ఉంటే చీకట్లో గరుకు గోడ మీద వేసి, ఆ చుక్కని తీరిగ్గా చూడండి. అద్దం మీదో పాలిష్ రాయి మీదో వేసి, తిరిగొచ్చే కిరణానికి మాత్రం కన్ను ఎదురు పెట్టొద్దు.

రాయి_పాలిష్_నల్గొండ | సోమవారం ఉదయం 6:48

మాస్టారూ, నాకు గ్రానైట్ కటింగ్ యూనిట్ ఉంది. మీరు చెప్పింది చదివి రాత్రే షెడ్డులో లైట్లు ఆర్పి చూశాను. ఒకే నల్ల రాయి, రెండు స్లాబులు. ఒకటి పాలిష్‌ది, ఇంకోటి ఫ్లేమింగ్ కొట్టిన గరుకుది.

పాలిష్ స్లాబు మీద పక్క నుంచి వేస్తే రాయి మీద చుక్క దాదాపు కనపడలేదు, ఎదురు గోడ మీద మాత్రం గుండ్రంగా పడింది. గరుకు స్లాబు మీద వేస్తే చుక్క రాయి మీదే నిలిచింది కానీ అదొక చుక్కలా లేదు. ఎర్ర ఇసుక చల్లినట్టు మినుకు మినుకు. పాయింటర్‌ని బల్లకి బిగించినా మినుకు పోలేదు. కళ్లజోడు తీశాను. షెడ్డంతా మసకయింది కానీ ఆ ఇసుక మాత్రం అలాగే పదునుగా ఉంది. ఇంకో విచిత్రం, తల కుడికి జరిపితే ఆ మినుకులు ఎడమకి పరిగెత్తాయి.

నా కళ్లకి ఏమన్నా అయిందా సార్?

పానగల్_మాస్టారు | సోమవారం ఉదయం 7:30

ఏమీ కాలేదు. నీకు దూరపువి ఆనవు, మైనస్ అద్దాలు, అవునా? అలాంటి వాళ్లకి జోడు తీస్తే మినుకులు తలకి ఎదురు దిక్కున పోతాయి. ప్లస్ పవర్ దూరదృష్టి ఉన్నవాళ్లకి తలతో పాటే వస్తాయి. కన్ను బాగున్నవాళ్లకి ఏ దిక్కూ తేలకుండా అక్కడే కుతకుతలాడతాయి. మసకబారకపోవడానికి కారణం, ఆ ఇసుక రాయి మీద లేదు. నీ కంటి తెర మీద తయారవుతోంది.

దీన్ని స్పెకిల్ అంటారు. నీ మాటే బాగుంది, మినుకులు అందాం.

రాయి గరుకు కాంతి తరంగం కొలతతో చూస్తే కొండలూ లోయలే. ఒక్కో మిట్ట నుంచి తిరిగొచ్చే కాంతి ఒక్కో దూరం నడిచి వస్తుంది. అవన్నీ ఒక బిందువు దగ్గర కలిసినప్పుడు అదృష్టవశాత్తు ఒకదానికొకటి తోడైతే అక్కడ వెలుగు మినుకు, కొట్టేసుకుంటే నలుపు. ఎండలో, బల్బు వెలుతురులో ఇది కనపడదు, ఎందుకంటే అందులో రంగులన్నీ కలిసి ఉంటాయి, ఒకదాని మరకని ఇంకోటి చెరిపేస్తుంది.

దామరచర్ల తమ్ముడి ప్రశ్నకి ముడి ఇక్కడే ఉంది. సద్దుల బతుకమ్మ రోజు చెరువు గట్టు మీద నిలబడ్డట్టు ఊహించుకో. ఒకటే పెద్ద గుంపు, అందరూ ఒకే తాళానికి చప్పట్లు కొడితే అర కిలోమీటరు దూరం నుంచి కూడా తాళం తెలుస్తుంది. పాలిష్ స్లాబు అది. ఇప్పుడు గట్టు మీద వంద గుంపులు. ప్రతి గుంపూ అదే వేగంతో కొడుతోంది, కానీ ఒక్కోటి ఒక్కోసారి మొదలుపెట్టింది. దూరం నుంచి వింటే రొద తప్ప తాళం లేదు. అక్కడ తాళం లేక కాదు. ప్రతి గుంపులోనూ ఉంది, కలిపి వింటే చెరిగిపోయింది. గరుకు ప్లేటు మీద ప్రతి మినుకూ ఒక గుంపు. ప్లేటు కదిలితే అన్నీ కలిసే కదులుతాయి. కానీ నడుమ స్థానంలో నిలబడి చూడాలన్నాను కదా, ఆ నడుమ అనేది ఒక్కో మినుకుకి ఒక్కో చోట. ఒకటి వెలుగు వైపు పోతుంటే పక్కది చీకటి వైపు పోతుంది. మొత్తం కలిపితే సున్నాకి దగ్గర.

నందికొండ_నీళ్లు | సోమవారం ఉదయం 8:02

బతుకమ్మతో ఫిజిక్స్ చెప్పే మాస్టారు మాకు ఇంటర్‌లో దొరికుంటే నేను లైన్‌మన్ అయ్యేవాణ్ణి కాదు.

అనుమానాల_అంజన్న | సోమవారం ఉదయం 8:40

అంత కష్టమెందుకు? ప్లేటు గరుకుగా ఉంటే గ్రైండర్ వేసి నున్నగా చెయ్. లేదంటే తెల్ల పెయింట్ కొట్టు. తిరిగొచ్చే లైటు పెరుగుతుంది కదా.

దామరచర్ల_గేజ్ | సోమవారం మధ్యాహ్నం 1:15

అంజన్నా, నేను కొలిచేదే మిగిలిన ఇనుము ఎంత అని. గుంత పోయేదాకా గ్రైండర్ వేస్తే ఆ మిగిలిందీ నేనే తినేసినట్టు. రేపు చిల్లు పడితే మళ్లీ నా పేరే.

దేవరకొండ_టు_దమ్మాం | సోమవారం మధ్యాహ్నం 1:50

పెయింట్ గురించి ఒక మాట. నేను పైప్‌లైన్ ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నా, పదేళ్లుగా ఇక్కడే. తెల్ల పెయింట్‌తో వెనక్కొచ్చే వెలుతురు పెరుగుతుంది, నిజమే. మినుకులు పోవు. గుంపులు ఇంకా గట్టిగా కొడతాయి, తాళం మాత్రం కలవదు.

అంతకన్నా మంచిది లారీల వెనక అంటించే మెరిసే టేపు. అందులో సన్న గాజుపూసలో ప్రిజం ముక్కలో ఉంటాయి, లైటు ఎటు నుంచి వస్తే అటే తిప్పి పంపిస్తాయి. మెషీన్ల వైబ్రేషన్ చూసే లేజర్ మీటర్లకి చిన్న ముక్క అంటించి కొలవడం మామూలే. కానీ మెగాహెర్ట్జ్‌లలోకి (ఒకటంటే సెకనుకి పది లక్షల ఊపులు) పోతే టేపు, దాని జిగురు ప్లేటుతో పాటు సరిగ్గా ఊగుతాయన్న నమ్మకం లేదు. వేడి డక్టు మీద నిలవనే నిలవదు.

తమ్మీ, నీ 3.4 సంగతి కూడా చెప్తా. అది సరిగ్గా 1.7కి రెండింతలు, చూశావా? దానికీ గరుకుకీ సంబంధం లేదు. ప్రోబ్ కొలవగలిగే కనీస మందం కన్నా ప్లేటు పలచబడితే గేజ్ మొదటి ప్రతిధ్వనిని వదిలేసి రెండోదాన్ని పట్టుకుంటుంది, నంబర్ డబుల్ అవుతుంది. నేను కూడా ఒకసారి ఇట్లనే ఇరుక్కున్నా. స్క్రీన్ మీద నంబర్ ఒక్కటే చూపించే గేజ్‌తో ఈ తిప్పలు తప్పవు, అలల బొమ్మ చూపించేది అడుగు.

దామరచర్ల_గేజ్ | సోమవారం మధ్యాహ్నం 2:04

అన్నా, నెల రోజుల నుంచి నిద్ర పట్టనిది ఇందుకే. రెండింతలు అన్న మాటే తట్టలేదు. సూపర్‌వైజర్‌కి ఇది చూపిస్తా. వింటాడో లేదో.

పాలమూరు_ఎమ్మెస్సీ | సోమవారం రాత్రి 11:20

నమస్తే అందరికీ. మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. నా ప్రాజెక్టు దాదాపు ఇదే, అందుకే ఆగలేక రాస్తున్నాను.

పార్కింగ్ సెన్సర్లలో వాడే 40 కిలోహెర్ట్జ్ బిళ్ల ఒకటి కొని, సన్నటి అల్యూమినియం పట్టీ వెనక అంటించాను. పట్టీ ముందు ముఖం మైకెల్సన్‌లో ఒక అద్దం స్థానంలో ఉంటుంది. లేజర్ డిపార్ట్‌మెంట్‌ది. అంతా ఒక గ్రానైట్ పలక మీద, పలక కింద బైకు ట్యూబులు రెండు, సగం గాలితో. అయినా పగలు పని కాదు. రోడ్డు మీద లారీ పోతే వెలుగు చీకటి గీతలు జాతరలో జనంలా తోసుకుంటాయి. ఫ్యాన్ ఆపాలి, పైన అట్టపెట్టె బోర్లించాలి. రాత్రి ఒంటిగంట తర్వాత కాస్త కుదురుగా ఉంటాయి.

ముందు పట్టీ మీద చిన్న అద్దం ముక్క అంటించి చూశాను. స్కోపు (అలని గీసి చూపించే మీటరు) మీద 40 కిలోహెర్ట్జ్ అల వచ్చింది! కానీ ఊపిరి తీసినట్టు పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. బిళ్లకి ఇచ్చే కరెంటు మాత్రం మారట్లేదు. మాస్టారు గారు చెప్పిన నడుమ స్థానం ఇదే అనుకుంటా. గది వేడికి పలక నెమ్మదిగా జరిగి, గీత నడుమ నుంచి వెలుగు మధ్యకి పోగానే సిగ్నల్ మాయం.

తర్వాత అద్దం ముక్క పీకేసి, పట్టీని గరుకు కాగితంతో రుద్ది పెట్టాను. సిగ్నల్ సున్నా. రెండు రాత్రులు వైర్లు తప్పు కలిపానేమో అని విప్పి కట్టాను. మూడో రాత్రి ఫోటోడయోడ్ ముందు నల్ల కాగితం పెట్టి, సూదితో చిన్న బెజ్జం పొడిచాను. వెలుతురు దాదాపు అంతా పోయింది, కానీ అల వచ్చింది. కాగితాన్ని వెంట్రుక వాసి జరిపితే పోయింది, ఇంకొంచెం జరిపితే తలకిందులుగా వచ్చింది.

ఇప్పుడు నా ప్రశ్న. వెలుతురు తగ్గిస్తే సిగ్నల్ పెరగడం ఏంటని వైవాలో అడిగితే ఏం చెప్పాలి?

పానగల్_మాస్టారు | మంగళవారం ఉదయం 6:10

శభాష్ బిడ్డా. తలకిందులుగా వచ్చిందన్నావు చూడు, అదే నీ ప్రాజెక్టుకి ప్రాణం. పక్క గుంపు తాళం విన్నావు.

లెక్క ఇట్లా చెప్పు. మినుకు సైజు అంటే తరంగదైర్ఘ్యాన్ని దూరంతో గుణించి, ప్లేటు మీద లేజర్ చుక్క వెడల్పుతో భాగిస్తే వచ్చేది. చుక్క 1 ఎంఎం, దూరం అర మీటరు అయితే మినుకు దాదాపు 0.3 ఎంఎం. అక్కడ 5 సెంటీమీటర్ల లెన్సు పెట్టి వెలుతురంతా పోగేస్తే పాతికవేల మినుకులు ఒకేసారి డయోడ్ మీద పడతాయి. వెలుతురు పాతికవేల రెట్లు పెరుగుతుంది, కానీ చిందరవందర తాళాలు కలిస్తే సిగ్నల్ దాని వర్గమూలం మేరకే, దాదాపు 158 రెట్లే పెరుగుతుంది. వెలుతురుతో పాటు వచ్చే సహజమైన గరగర కూడా అంతే పెరుగుతుంది. అంటే పాతికవేల మినుకులు పోగేసినా ఒక్క మినుకుతో విన్నదానికన్నా లాభం లేదు. నీ సూది బెజ్జం ఒక్క మినుకుని ఏరింది.

భాగహారంలో ఇంకో కిటుకు ఉంది. చుక్క చిన్నదైతే మినుకు పెద్దదవుతుంది. ప్లేటు ముందు లెన్సు పెట్టి చుక్కని 1 ఎంఎం నుంచి 50 మైక్రాన్లకి తెస్తే, అదే అర మీటరు దగ్గర మినుకు 6 ఎంఎం దాటుతుంది. అప్పుడు బెజ్జం అక్కర్లేదు, డయోడ్ మొత్తం ఒకే మినుకులో కూర్చుంటుంది.

పాలమూరు_ఎమ్మెస్సీ | మంగళవారం ఉదయం 6:32

సార్!! ఈ రాత్రే చేస్తా.

ఇంకో సందేహం. ఎర్ర లైటుకి గరుకు అనిపించేది పొడవు తరంగానికి నున్నగా అనిపిస్తుంది కదా? కార్బన్ డయాక్సైడ్ లేజర్ 10.6 మైక్రాన్లు. దాన్ని వాడితే మినుకుల గొడవే ఉండదేమో?

పానగల్_మాస్టారు | మంగళవారం ఉదయం 7:05

ఆలోచన సరైనదే, బేరం గిట్టదు. తరంగం దాదాపు 17 రెట్లు పొడవైతే, ఒక నానోమీటరు కదలికకి వచ్చే మార్పు కూడా 17 రెట్లు తగ్గుతుంది. పైగా ఆ పరారుణానికి డిటెక్టర్లు వేరు, ఖరీదు వేరు.

రాయి_పాలిష్_నల్గొండ | మంగళవారం ఉదయం 9:20

నాకర్థమైనంత వరకు, ఒక గుంపు దగ్గరికి పోయి వినాలి, లేకపోతే చుక్క చిన్నది చేసి గుంపుని పెద్దది చేయాలి. మరి తుప్పు ప్లేటు మీద ఒక్కో మచ్చకి ఒక్కోలా వస్తుంది. వెయ్యి చోట్ల కొలవాలంటే ప్రతిచోటా మంచి మినుకు కోసం వెతుక్కుంటూ కూర్చోవాలా?

దేవరకొండ_టు_దమ్మాం | మంగళవారం ఉదయం 11:45

కూర్చోరు. ఫ్యాక్టరీల్లో వాడేవాటికి దారి వేరే ఉంది, ఎక్కువగా రెండు రకాలు.

ఒకటి కాన్ఫోకల్ ఫాబ్రీ పెరో. ఎదురెదురుగా రెండు పుటాకార అద్దాలు, నడుమ దూరం సరిగ్గా వాటి వక్రతా వ్యాసార్థమంత, అర మీటరో ఒక మీటరో. ఇందులో కదలికని వేరే కాంతితో పోల్చరు. ప్లేటు మీదికి వస్తుంటే కాంతి పౌనఃపున్యం కొంచెం పెరుగుతుంది, వెనక్కి పోతుంటే తగ్గుతుంది. రైలు కూత లెక్కే. అద్దాల జంట ఆ తేడాని వెలుగు మార్పుగా చేస్తుంది. తేడా ఎంతంటే, 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక నానోమీటరు ఊగితే ప్లేటు వేగం సెకనుకి 6 మిల్లీమీటర్లు, కాంతి పౌనఃపున్యంలో మార్పు దాదాపు 20 కిలోహెర్ట్జ్. ఎర్ర లైటుది 4.7 కోట్ల కోట్ల హెర్ట్జ్! అందులో 20 వేలు పట్టడమంటే చూసుకోండి. లాభం ఏంటంటే, ప్రతి మినుకులోనూ మార్పు ఒకే దిక్కున ఉంటుంది. అందుకే లెన్సు పెద్దది పెట్టి ఎన్ని మినుకులైనా పోగేయొచ్చు. నష్టం, అద్దాల దూరాన్ని క్షణక్షణం సరిచేస్తూ ఉండాలి. నెమ్మది ఊపులు దీనికి వినపడవు, మనకి అదీ మంచిదే.

రెండోది క్రిస్టల్ రకం. అది మాస్టారు చెప్తేనే బాగుంటుంది, నాకు బతుకమ్మలు రావు.

పానగల్_మాస్టారు | మంగళవారం సాయంత్రం 5:40

ఈ క్రిస్టల్ కథ నాకు చాలా ఇష్టం. 1966లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు లిథియం నియోబేట్ స్ఫటికంలోంచి లేజర్ పంపుతుంటే స్ఫటికం పాడైపోతోందని గమనించారు. కాంతి పడ్డ చోట దాని వక్రీభవనం మారిపోతోంది. "ఆప్టికల్ డ్యామేజ్" అని పేరు పెట్టారు. కొన్నాళ్లకి తెలిసింది, అది చెడిపోవడం కాదు, తన మీద పడ్డ వెలుగు చీకట్ల బొమ్మని స్ఫటికం గుర్తుపెట్టుకుంటోంది అని.

ఇప్పుడు ఆ స్ఫటికంలో రెండు కిరణాలు కలిశాయనుకో. ఒకటి ప్లేటు నుంచి వచ్చిన చిందరవందర కాంతి, ఇంకోటి శుభ్రమైన లేజర్. రెండూ కలిసి స్ఫటికంలో ఒక హోలోగ్రామ్ రాస్తాయి. ఆ హోలోగ్రామ్ మీద పడ్డ శుభ్రమైన కిరణం వంగి, అచ్చం ప్లేటు నుంచి వచ్చినట్టే చిందరవందరగా బయటికొస్తుంది. మిట్టకి మిట్ట, పల్లానికి పల్లం. గట్టు మీద ప్రతి గుంపు పక్కనా ఆ గుంపు తాళమే పట్టుకున్న మనిషిని నిలబెట్టినట్టు. ఇంక ఎవరి తాళాన్ని వాళ్ల పక్క మనిషితోనే పోలుస్తాం. ఒక్కటి కూడా చెరిగిపోదు, వంద గుంపులూ తోడవుతాయి.

అంజన్న అడిగేలోపు నేనే చెప్తా. ప్లేటు ఊగితే స్ఫటికం ఆ ఊపుని కూడా నేర్చేసుకుంటుంది కదా, తేడా ఏముంటుంది? ఇక్కడే దాని బద్ధకం మనకి పనికొస్తుంది. హోలోగ్రామ్ మళ్లీ రాసుకోవడానికి స్ఫటికానికి, పడే కాంతిని బట్టి, కొంత సమయం పడుతుంది. లారీ పోయినప్పటి నెమ్మది ఊపుని అది నేర్చుకుని సర్దుకుంటుంది. మెగాహెర్ట్జ్ అల మాత్రం అది పలక తీసేలోపు వచ్చి వెళ్లిపోతుంది, కాబట్టి తేడాగా బయటపడుతుంది. మన అమ్మాయి రాత్రి ఒంటిగంట దాకా జాగారం చేయాల్సిన పని ఈ స్ఫటికానికి లేదు.

1991లో ఇంగ్, మోంషాలాన్ అనే ఇద్దరు ఈ పద్ధతిలో గరుకు ముఖం మీద అల్ట్రాసౌండ్ పట్టి చూపించారు. గ్యాలియం ఆర్సెనైడ్, బిస్మత్ సిలికాన్ ఆక్సైడ్ లాంటివి వాడతారు.

ఒక పక్క మాట. కాంతినీ అల్ట్రాసౌండ్‌నీ ఒకచోట చేర్చడంలో మనవాళ్ల చెయ్యి ముందు నుంచీ ఉంది. ద్రవంలో పోయే అల్ట్రాసౌండ్ అల కాంతిని ఎలా చీలుస్తుందో 1935లో సి.వి.రామన్, నాగేంద్రనాథ్ లెక్క కట్టారు, ఇప్పటికీ వాళ్ల పేరుతోనే పాఠం ఉంది. నిజాం కాలేజీలో చదివి రామన్ దగ్గర పని చేసిన సూరి భగవంతం గారు తర్వాత ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆయనా స్ఫటికాల మీద అల్ట్రాసౌండ్‌తో పని చేసినవారే.

నందికొండ_నీళ్లు | మంగళవారం రాత్రి 8:15

మరి మా సాగర్ డ్యామ్ సంగతేంటి? నడిమి భాగం రాతి కట్టడం, 124 మీటర్ల ఎత్తు. 1955లో పునాది రాయి పడ్డప్పుడు మా తాత అక్కడ రాళ్లు మోశాడు. గట్టు మీద నిలబడి లేజర్ వేసి లోపల బీట ఉందో లేదో చెప్పొచ్చా?

దేవరకొండ_టు_దమ్మాం | మంగళవారం రాత్రి 9:00

తాత గారికి దండం అన్నా. కానీ అంత దూరం పోవద్దు. రాయిలో శబ్దం సెకనుకి సుమారు 5 కిలోమీటర్లు పోతుంది. 1 మెగాహెర్ట్జ్ అయితే అల పొడవు 5 ఎంఎం. మన గ్రానైట్‌లో పలుకులే కొన్నిచోట్ల అంత ఉంటాయి. ప్రతి పలుకు దగ్గరా అల చెదిరిపోయి కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది. అందుకే కాంక్రీటుకీ రాతికీ 54 కిలోహెర్ట్జ్ లాంటి తక్కువ పౌనఃపున్యం వాడతారు, అల పొడవు 9 సెంటీమీటర్లు దాటుతుంది. దానికి గ్రీజు పూసి ప్రోబ్ ఆనించి, ఈ పక్క నుంచి ఆ పక్కకి ఎంతసేపట్లో వచ్చిందో చూడటమే పద్ధతి. కాంక్రీటులో వేగం సెకనుకి 4.5 కిలోమీటర్లు దాటితే చాలా బాగుందని, 3 కన్నా తగ్గితే అనుమానించాలని మన ఐఎస్ కోడ్ 13311లో ఉండేది. లేజర్‌కి అక్కడ పని తక్కువ. రాళ్ల నడుమ అతుకులు, నీళ్లు అన్నీ అడ్డమే.

రాయి_పాలిష్_నల్గొండ | మంగళవారం రాత్రి 9:10

పలుకుల మాట నిజం. బ్లాకు మీద సుత్తితో కొడితే మా మేస్త్రీ చెవితోనే చెప్తాడు, ఖంగున మోగితే మంచిది, మొద్దుగా మోగితే లోపల చీలిక. ఆయనకి లేజర్ వద్దు.

అనుమానాల_అంజన్న | మంగళవారం రాత్రి 9:25

సరే, పని చేస్తదని ఒప్పుకుంటున్నా. ఇప్పుడు అసలు మాట. మన తమ్మి కొనాల్నా వద్దా?

దేవరకొండ_టు_దమ్మాం | బుధవారం ఉదయం 10:30

వద్దు. సేల్స్ ఆయన అబద్ధం చెప్పలేదు, కానీ సగమే చెప్పాడు. వినడం ఒక లేజర్ పని. ముందు ప్లేటులో శబ్దం పుట్టించాలి కదా? ముట్టుకోకుండా అంటే దానికి ఇంకో లేజర్, నానోసెకన్లలో దెబ్బ కొట్టేది. అది పడ్డ చోట ఉక్కు చటుక్కున వేడెక్కి ఉబ్బి, ఆ ఉబ్బే అలగా పోతుంది. బలం పెంచితే పైపొర ఆవిరై ఇంకా గట్టిగా కొడుతుంది, మచ్చ కూడా పడుతుంది. అది క్లాస్ 4 లేజర్. చెదిరిన వెలుతురు కంట్లో పడ్డా ప్రమాదమే. చుట్టూ తెరలు, తలుపుకి ఇంటర్‌లాక్, కళ్లకి ప్రత్యేకమైన అద్దాలు. నిచ్చెన మీద నిలబడి డక్టు కొలిచే పనికి ఇది కుదరదు.

ఇది నిలదొక్కుకున్న చోట్లు వేరు. విమానాల కాంపోజిట్ భాగాలకి లాక్‌హీడ్ మార్టిన్ వాడింది, ఎందుకంటే వంపు తిరిగిన భాగం మీద ప్రోబ్‌ని నిటారుగా పట్టడం నరకం, లేజర్‌కి కొంచెం వంకర అయినా పర్వాలేదు. ఉక్కు ట్యూబులు ఎర్రగా కాలుతూ లైన్లో పోతుంటే గోడ మందం చూడటానికి కూడా వాడతారు. అక్కడ ఏ ప్రోబూ బతకదు కాబట్టి ఖర్చు గిట్టుతుంది.

నీకు కావాల్సింది తమ్మీ, వేడికి తట్టుకునే డ్యుయల్ ప్రోబ్ (పంపే బిళ్ల, వినే బిళ్ల వేరువేరుగా ఉండేది), వేడికి తగిన జెల్. 500 డిగ్రీల దాకా పనిచేసేవి దొరుకుతాయి. ఆనించి ఐదారు సెకన్లలో రీడింగ్ పట్టి తీసేయాలి, చల్లారనివ్వాలి. ఇంకోటి, ఉక్కు వేడెక్కితే శబ్దం నెమ్మదిస్తుంది, 55 డిగ్రీలకి దాదాపు 1 శాతం. సరిచేయకపోతే ఉన్నదానికన్నా మందం ఎక్కువ చూపిస్తుంది. గుంతల చోట డ్యుయల్ ప్రోబే మేలు.

దామరచర్ల_గేజ్ | గురువారం రాత్రి 9:50

సూపర్‌వైజర్‌కి డబుల్ సంగతి చూపించా. ఏమీ అనలేదు. కానీ ఈరోజు తనే వచ్చి, పాత రిపోర్టులో 4 ఎంఎం లోపు చూపించిన చోట్లన్నీ మళ్లీ కొలవమన్నాడు. పదకొండు చోట్లున్నాయి. డ్యుయల్ ప్రోబ్‌కి ఇండెంట్ పెట్టాడు, ఎప్పుడొస్తుందో మరి.

రాత్రి షెడ్డులో తుప్పు ప్లేటు మీద పాయింటర్ వేసి చూశా. నాలుగేళ్లుగా రోజూ చూసే ప్లేటే. ఇంత మినుకు ఉందని తెలియదు.

పాలమూరు_ఎమ్మెస్సీ | శుక్రవారం తెల్లవారుజామున 2:37

వచ్చింది!! బెజ్జం లేదు, కాగితం లేదు. లెన్సుతో చుక్కని సన్నం చేశా, గరుకు పట్టీ మీదే, 40 కిలోహెర్ట్జ్ అల నిలబడి ఉంది. ఊపిరి తీయడం మాత్రం ఇంకా ఉంది, మాస్టారు గారూ, దానికేమన్నా చెప్పండి.

దామరచర్ల అన్నా, మీ దగ్గర కోసేసిన ఆ 1.7 ప్లేటు ముక్క ఇంకా ఉందా? నాకు నిజమైన తుప్పు కావాలి. గరుకు కాగితంతో ఇంత అందమైన గుంతలు రావడం లేదు.

దామరచర్ల_గేజ్ | శుక్రవారం ఉదయం 6:15

ఉంది చెల్లె. రుజువుగా దాచిపెట్టుకున్నా. అరచేయంత ముక్క కోసి బస్సు పార్సిల్‌లో వేస్తా. తిరిగి పంపాలి సుమా.

పానగల్_మాస్టారు | శుక్రవారం ఉదయం 6:40

ఊపిరికి మందు ఉంది బిడ్డా. కదలని అద్దం వెనక చిన్న పిజో బిళ్ల అంటించు, పండగ కార్డుల్లో మోగే బజర్‌ది చాలు. డయోడ్ సిగ్నల్‌లో నెమ్మదిగా మారే భాగాన్ని దానికి వెనక్కి ఇస్తే గీతని నడుమ స్థానంలో పట్టి ఉంచుతుంది. సర్క్యూట్ బొమ్మ గీసి సాయంత్రం పెడతా. ముందు పడుకో.